ఉమ్మడి పరీక్షకు ఒకే రికార్డు ఇల్లిల్లూ తిరగాలా, ఎవరి ప్రతి వారు తెచ్చుకోవాలా?

బురుజు (కర్నూలు):
మిత్రులందరికీ నమస్కారం. ఒకరి ఇంట్లో ఒకరం కూడి, మన పాటల సెట్లను (టర్న్‌టేబుల్, ఆంప్లిఫయర్, స్పీకర్లు) పోల్చి వినే ఉమ్మడి పరీక్ష గురించే ఈ మాట. పోయిన ఆదివారం కడపలో ఏడురోడ్లు అన్నగారి ఇంట్లో మొదలై తెగకుండా మిగిలిన వాదాన్ని ఇక్కడ పెడుతున్నాను. ఆ పూట మన దగ్గర ఒకే కచేరీ ఎల్పీకి (పెద్ద గ్రామఫోన్ రికార్డుకు) రెండు ప్రతులు ఉన్నాయి. ఒకటి కలకత్తా దగ్గరి దమ్‌దమ్‌లో అచ్చయినది, రెండవది విదేశంలో అచ్చయినది. మొదటిదాన్ని ఒక సెట్టు మీద, రెండవదాన్ని ఇంకో సెట్టు మీద వేసి, మొదటి సెట్టులో మృదంగం తొప్పి (ఎడమ వైపు, మంద్రంగా మోగే ముఖం) నాదం పలచగా ఉందని గంటసేపు తీర్పులు చెప్పుకున్నాం. ప్రతులు అటూ ఇటూ మార్చగానే ఆ పలచదనం కూడా రెండవ సెట్టుకు మారిపోయింది. అంటే ఆ గంటసేపూ మనం సెట్లను వదిలేసి ప్రెస్సింగులను (రికార్డు అచ్చులను) పోల్చుకుంటూ కూర్చున్నామన్నమాట. అందువల్ల నాలుగు రికార్డులు ఎంచుకొని, ఒక్కొక్కదానికి ఒక్క ప్రతినే పెట్టెలో ఉంచి, ఎవరి ఇంట్లో కూడితే ఆ పెట్టె అక్కడికి వెళ్ళాలని నా ప్రతిపాదన. అదే పేరున్న రికార్డు చాలదు, అదే రికార్డు కావాలి.

టవర్ క్లాక్ (అనంతపురం):
బురుజు గారు రోగాన్ని సరిగ్గానే పట్టుకున్నారు గాని, ఆయన రాసిన మందుతోనే నాకు పేచీ. రికార్డు కొలిచిన ప్రతిసారీ కొంత అరిగే కొలబద్ద. ఏడు ఇళ్ళలో ఏడు కార్ట్రిడ్జిలు (ముల్లును పట్టి, దాని కదలికను విద్యుత్తుగా మార్చే భాగాలు) ఉన్నప్పుడు, వాటిలో ఒక్కదాని ముల్లు అరిగి ఉన్నా అది గాడి గోడలను చెక్కివేస్తుంది. ఆ తరువాత వినే ఆరు ఇళ్ళవారూ ఆ గాయాన్ని తమ సెట్టు దోషమనుకుంటారు. ఇక ఎండ సంగతి సీమవాసులకు నేను చెప్పనక్కరలేదు. కర్నూలు నుంచి మా ఊరికి దాదాపు 150 కిలోమీటర్లు. మే నెలలో దారిలో కారు అద్దాలు మూసి భోజనానికి దిగితే, తిరిగి వచ్చేసరికి లోపలి వేడికి రికార్డు వినైల్ మెత్తబడి వంగిపోతుంది. ఒక వేసవిలో డిక్కీలో మరచిపోయిన నా రెండు ఎల్పీలు ఇప్పటికీ అప్పడాల్లా ఉన్నాయి.

కాబట్టి ఎవరి ప్రతిని వారే కొనుక్కుందాం. అయితే లేబుల్ చుట్టూ పాట లేని ఖాళీ వలయంలో చెక్కి ఉండే మాట్రిక్స్ సంఖ్యను చివరి అక్షరం వరకు సరిచూసుకొని కొందాం. ఆ సంఖ్య పూర్తిగా కలిస్తే రెండు ప్రతులూ ఒకే కోత (అచ్చులకు మూలంగా గాడిని చెక్కిన పళ్ళెం) నుంచి వచ్చినట్లే.

బురుజు (కర్నూలు):
కోత ఒకటే కావచ్చు, కాని ఆ కోతతో అచ్చయిన ప్రతులన్నీ ఒకటి కావు. మధ్య రంధ్రాన్నే తీసుకోండి. అది 1 మిల్లీమీటరు పక్కకు జరిగి ఉంటే, కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గాడిలో శ్రుతి 1 శాతం పైకీ, 1 శాతం కిందికీ ఊగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డులో ఆ ఊపు ప్రతి 1.8 సెకన్లకు ఒకసారి వస్తుంది. మాటల్లోనో, తాళవాద్యంలోనో అది ఎవరికీ పట్టదు. తంబురా శ్రుతిలో మాత్రం వెంటనే తెలిసిపోతుంది. అప్పుడు నిందపడేది పాపం ఆ ఇంటి టర్న్‌టేబుల్ మోటారు మీద. ఈ సందేహాన్ని మాట్రిక్స్ సంఖ్య తీర్చలేదు.

ఏడురోడ్లు (కడప):
ప్రతుల లెక్క తేల్చుకునే ముందు ఏ సంగీతమో తేల్చుకోవడం మంచిది. పరీక్షల కోసమని పేరుపడ్డ విదేశీ రికార్డులే పెట్టెలో ఉండాలని ఇద్దరు సభ్యులు పట్టుబడుతున్నారు. వాటి ధ్వనిముద్రణ గొప్పదనాన్ని నేను కాదనను. అయితే వాటిలో వాయించిన వాద్యబృందాలను మనలో ఒక్కరైనా ఎదురుగా కూర్చొని వినలేదు. వీణను, మృదంగాన్ని, నాదస్వరాన్ని మాత్రం గజాల దూరంలో, మైకు లేకుండా విన్నాం. వీణ తీగ మీటిన క్షణంలో గోరు తగిలే చప్పుడు, దాని వెనుక కుండ నుంచి వచ్చే నాదం, అది నెమ్మదిగా సన్నగిల్లే తీరు మన చెవికి తెలుసు గనుక, సెట్టు తప్పు చెబితే పట్టుకోగలం.

ఇందులో ఒక చిక్కు ఉందని కూడా ఒప్పుకోవాలి. కంఠతా వచ్చినదల్లా మనకు తెలిసిన ధ్వని కాదు. తెల్లవారుజామున గుడి మైకులో నలభై ఏళ్ళుగా వింటున్న సుప్రభాతాన్ని ప్రమాణంగా పెట్టుకుంటే, మనం వెతికేది గాయని గొంతును కాదు, ఆ రేకు హారన్ గరగరను. అందుకే తెలిసిన పాట కన్నా తెలిసిన వాద్యం మేలంటాను.

పెట్టెలో ఒక మోనో రికార్డు (రెండు స్పీకర్లకూ ఒకే ధ్వని పంపేది) కూడా ఉండి తీరాలి. దాన్ని స్టీరియో సెట్టు మీద వేసినప్పుడు గొంతు రెండు స్పీకర్లకూ సరిగ్గా నడుమ, ఇరుకుగా నిలబడాలి. అది ఒక పక్కకు ఒరిగితే కార్ట్రిడ్జిలోనో, ఆంప్లిఫయర్‌లోనో, గదిలోనో తేడా ఉందని అయిదు నిమిషాల్లో తేలుతుంది. ధూళి చిటపటలు మాత్రం నడుమ నిలవక పక్కలకు చెదిరిపోతాయి.

పాత మెకానిక్ (ప్రొద్దుటూరు):
నాయనలారా, రికార్డు కోసం ఇంత తర్కించి, దాని మీద ఏ చోటు వినాలో ఎవరూ రాయలేదు. పన్నెండు అంగుళాల ఎల్పీ అంచున గాడి ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు నడుస్తుంది, లేబుల్ దగ్గరకు వచ్చేసరికి సుమారు 21కి పడిపోతుంది. ఎంత గొప్ప రికార్డయినా చివరి పాటలో ‘స’కారాలు చీలడం అందువల్లనే. ఒక ఇంట్లో మొదటి పాట, మరో ఇంట్లో చివరి పాట వింటే ఒకే ప్రతి తిరిగినా ఉపయోగం లేదు. సెట్టు స్వరం చూడడానికి మొదటి పాటను, ముల్లు అమరిక చూడడానికి చివరి పాటను వినండి.

ధ్వని మట్టం మరొకటి. 1 డెసిబెల్ ఎక్కువగా మోగినా ఆ సెట్టే బాగుందంటారు, ఎక్కువగా మోగిందని గుర్తించరు. ముందు 1000 హెర్ట్జ్ స్వరంతో మట్టాలు సమం చేసి గాని పాట వేయకండి. వేగం చూసే స్ట్రోబ్ కాగితం (కరెంటు దీపం వెలుగులో దాని గీతలు కదలకుండా కనిపిస్తే వేగం సరి) మన 50 హెర్ట్జ్ కరెంటుకు 180 గీతలది ఉండాలి. కడపలో ఒకాయన అమెరికా వారి 60 హెర్ట్జ్ కరెంటుకు తగిన 216 గీతల కాగితం పెట్టి, మంచి టర్న్‌టేబుల్‌ను చెడిపోయిందని నా దగ్గరికి మోసుకొచ్చాడు!

ఒకటి అడుగుతాను. స్పీకర్లను పోల్చదలచినప్పుడు రికార్డుతో పాటు టర్న్‌టేబుల్‌ను కూడా మోసుకెళ్ళాలి కదా? వట్టి రికార్డు తిరిగితే ముల్లు నుంచి గది గోడ దాకా అన్నిటినీ కలిపి వింటారు. తేడా తెలుస్తుంది గాని, అది ఎక్కడ పుట్టిందో తెలియదు.

టవర్ క్లాక్ (అనంతపురం):
పెద్దాయన చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. రంధ్రం విషయంలో బురుజు గారికీ లొంగుతున్నాను. తిరిగే ప్రతిగా ఒక్క తంబురా, వీణ రికార్డును ఒప్పుకుంటాను. మిగతా మూడూ ఎవరివి వారివే, మాట్రిక్స్ సంఖ్యలు కలిసినవే ఉండాలి. ఆ తిరిగే ప్రతిని కూడా చలికాలంలో, రాత్రి ప్రయాణంలో, నిలువుగా నిలబెట్టి తేవాలి.

బురుజు (కర్నూలు):
ఒకటికి ఒప్పుకున్నారు గనుక రెండవదిగా మోనో రికార్డును అడుగుతున్నాను. అన్నగారి దగ్గర ఉన్న ప్రతి అన్నిటికన్నా శుభ్రమైనది.

ఏడురోడ్లు (కడప):
ఇస్తాను తమ్ముడూ. అయితే ఏ ఇంట్లో వేసినా ముందు ఆ ఇంటి ముల్లును నా భూతద్దం కింద నేనే చూస్తాను, ముల్లు రికార్డు మీద మోపే బరువును నా తూనికతో నేనే తూస్తాను. డిసెంబరులో అనంతపురం వచ్చేటప్పుడు ఆ రెండూ నా సంచిలోనే ఉంటాయి.