సమస్య: ‘జిగురు గలిపినఁ బానీయ మగును దేట’

నిర్వాహకుడు, నెల్లూరు: రెండు రోజులుగా ఈ పాదం నన్ను వదలడం లేదు. జిగురు కలిస్తే పానీయం చిక్కబడాలి గాని తేటపడడమేమిటి? పూరించండి.

అద్దంకివాసి:

గుండ్లకమ్మకు వఱదలు కూడి రాఁగ
కడవ నిండిన బురదను గాంచి యవ్వ
చిల్లగింజను అరగదీసి చేర్చె నందు
జిగురు గలిపినఁ బానీయ మగును దేట.

మా అవ్వ రాత్రి ఇలా చేసి మూతపెడితే, తెల్లవారేసరికి ఒండ్రు అడుగున పట్టి, కడవలో నీరుందో లేదో వేలు ముంచి చూసుకోవలసి వచ్చేది.

కందుకూరు పంతులు: మూడవ పాదంలో ఒక లఘువు ఎక్కువైంది, ‘గింజ నరగదీసి’ అంటే యతి తన చోటికి వస్తుంది. కతకఫలం (చిల్లగింజ) పేరు పలికినంత మాత్రాన నీరు తేరదని మనుస్మృతి ఆరవ అధ్యాయం చెబుతుంది. మీరు అరగదీయించారు కనుక ఆ దోషం మీకు లేదు, కాని గింజను చూపి జిగురును చూపలేదు.

అద్దంకివాసి: లఘువు విషయంలో తప్పు నాదే. జిగురు మాత్రం ఆ గింజలోనే ఉంది. బురద రేణువులను పట్టి ముద్దగట్టేది అందులోని జిగట పదార్థమే. పోయిన నెల సున్నం కల్లును తేరుస్తుందని పూరించిన మీరు ఈ మాట అడగడం నాకు కష్టంగా ఉంది. కుండకు సున్నం పూసేది నీర పులియకుండా ఉండడానికి.

కందుకూరు పంతులు: ఆ పూరణ తప్పే, ఒప్పుకుంటున్నాను.

పెన్నాతీరం: ఇంగ్లండులో మా తమ్ముడు ఇంట్లోనే బీరు కాస్తాడు. నా పూరణ అతని పనిని చూసి వ్రాసినది.

యవల రసమును బులియింప నడరె మబ్బు
మీను తిత్తిని గరగించి మేళవించి
చలువ పెట్టెలోఁ బెట్టిన జాఱు మడ్డి
జిగురు గలిపినఁ బానీయ మగును దేట.

జువ్వలదిన్నెలో పెద్ద చేపను కోసినప్పుడు వెన్నెముక కిందుగా తెల్లని బుడగలా బయటపడే గాలితిత్తిని మీరు చూసే ఉంటారు. ఇంగ్లండులో అలాంటి తిత్తినుండే బీరును తేర్చే జిగురు తీస్తారు. పూర్వం రష్యా స్టర్జన్ చేప తిత్తిని వాడేవారు. 1795 ప్రాంతంలో విలియం మర్డాక్ అనే స్కాట్లండు ఇంజనీరు కాడ్ చేప తిత్తిని వాడుకలోకి తెచ్చాడు. ఈ జిగురుకు ధనావేశం, ఈస్టు కణాలకు ఋణావేశం ఉండడం వల్ల రెండూ పెనవేసుకుని, బరువెక్కి అడుగుకు దిగుతాయి.

అద్దంకివాసి: నెల్లూరు చేపను పులుసులోనుండి పద్యంలోకి తెచ్చిన మీ ఊహకు నమస్కారం. అయితే ‘కరగించి’ దగ్గర పద్యం జారింది. తిత్తి జిగురును కాస్తే అది జెలటిన్‌గా మారి, తేర్చే శక్తి తగ్గుతుంది. చల్లని పులుపు నీటిలో నానబెట్టాలి. వేడి నీటిలో కరిగించదగినది జెలటిన్ పొడి, అదీ మరగనీయకుండా.

కందుకూరు పంతులు: వరుస కూడా తారుమారైంది. వెచ్చగా ఉన్నప్పుడు తేటగా కనిపించిన బీరు చల్లబడగానే మసకబారుతుంది, ఎందుకంటే ప్రోటీన్లు, యవల (బార్లీ) పొట్టులోని వగరు పదార్థాలు చలికి కలిసి సన్నని రేణువులై అందులో తేలుతాయి. పుట్టని మసకను జిగురు పట్టలేదు కనుక ముందు చలువ, తరువాత జిగురు. పైగా మీ పద్యంలో జిగురు కలపకముందే మడ్డి జారిపోయింది. ఇక నాలుగవ పాదానికి పనేముంది?

పెన్నాతీరం: రెండు మాటలూ న్యాయమైనవి. నడిమి పాదాలను మార్చాను.

చలువ పెట్టెలో నుంచితి జాగు లేక
మీను తిత్తిని నానించి మెత్తఁజేసి

నిర్వాహకుడు: ఇప్పుడు సమస్య తీరింది. ‘నానించి’తో గణమూ నిలిచింది, జిగురూ నిలిచింది. అద్దంకివాసి గారు లఘువు సవరించిన పాదాన్ని కూడా పంపితే రెండు పద్యాలనూ కలిపి భద్రపరుస్తాను.