పాత ఇంటి తలుపులు, రేకులతో కోళ్ల గూడు: ఏ సామాను ఎక్కడ వాడాలి?

ప్రశ్న: హసన్‌పర్తి సభ్యుడు

నమస్కారం. మా పాత పెంకుటిల్లు విప్పించగా మిగిలిన సామానుతో పన్నెండు పెట్టలకు, ఒక పుంజుకు సరిపోయే గూడు కట్టాలనుకుంటున్నాను. వీటిలో కొన్ని నాటుకోళ్లు, కొన్ని వనరాజా అనే మేలుజాతి కోళ్లు. పగలంతా పెరట్లోనే తిరుగుతాయి కాబట్టి గూడు రాత్రి మూయడానికి మాత్రమే. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల టేకు తలుపు రెక్కలు నాలుగు, చువ్వల కిటికీ ఒకటి, పొలం కంచె నుంచి తీసిన విరిగిన రాతి కడీలు ఆరు, ఎనిమిదడుగుల ఇనుప రేకులు నాలుగు, కావలసినన్ని గూన పెంకులు, కొంత ప్యాకింగు చెక్క నా దగ్గర ఉన్నాయి. డబ్బు పెట్టి కొనదలచినవి జాలీ, మేకులు మాత్రమే. రెండేసి రెక్కలను అడ్డంగా ఒకదానిపై ఒకటి పేర్చి పొడవు గోడలు చేసి, మిగతా రెండు వైపులా చెక్క కొట్టి, పైన పెంకులు కప్పితే పిల్లికీ ముంగిసకూ సందు దొరకని గట్టి గూడు అవుతుందని నా ఆలోచన. దీనిలో లోపమేమైనా ఉంటే అనుభవజ్ఞులు తెలుపగలరు.

జవాబు: జమ్మికుంట సభ్యుడు

మీ గూడు గట్టిగానే ఉంటుంది, కానీ అందులో గాలి ఆడదు. పాత తలుపులతో కట్టిన గూళ్లలో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే. కోడికి చెమట పట్టదు. ముఖ్యంగా నోరు తెరిచి రొప్పడం ద్వారా అది ఒంటి వేడిని బయటికి పంపుకోవాలి. నాలుగు వైపులా చెక్కతో మూసిన గూటిలో పదమూడు కోళ్ల ఊపిరి తేమ, రెట్ట నుంచి లేచే అమ్మోనియా వాయువు రాత్రంతా లోపలే నిలిచిపోతాయి. తెల్లవారి తలుపు తీయగానే కళ్లు మండితే, ఆ గాలిని కోళ్లు రాత్రంతా పీల్చినట్టే లెక్క.

కాబట్టి పొడవు గోడలకు కింది భాగంలో ఒక్కొక్క రెక్కను మాత్రమే వాడి, దానిపైన అడుగున్నర మేర పూర్తిగా జాలీ కొట్టండి. ఎదురెదురు గోడలకు జాలీ ఉంటేనే గాలి ఈ వైపు నుంచి ఆ వైపుకు సాగుతుంది. రాత్రికి మాత్రమే మూసే గూటిలో కోడికి రెండు చదరపు అడుగుల చోటు చాలు గనుక, ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు పెట్టుకుంటే మీకు ఇరవై ఏడు చదరపు అడుగులు వస్తాయి. పొడవును తూర్పు పడమరలుగా ఉంచితే ఉదయపు, సాయంకాలపు ఎండ పొట్టి గోడల మీదనే పడుతుంది. మీ చువ్వల కిటికీని తూర్పు వైపు పెట్టవచ్చు, కానీ చువ్వల సందులో ముంగిస సులువుగా దూరుతుంది కాబట్టి దానికి కూడా లోపలి నుంచి జాలీ తప్పనిసరి.

జాలీ విషయంలో పొదుపు చేయకండి. ఆరు మూలల కన్నులతో అల్లిన పలుచని కోళ్ల జాలీ కోళ్లను లోపల ఉంచుతుందే గాని కుక్క పళ్లకు ఆగదు. అర అంగుళం కన్ను ఉన్న వెల్డు జాలీ తీసుకుంటే పాము, ఎలుక కూడా దూరలేవు. మేకు తల చిన్నదై జాలీ ఊడిపోకుండా, కూల్‌డ్రింకు సీసాల ఇనుప మూతలకు బెజ్జం పెట్టి వాషర్లలాగా వాడుకోవచ్చు; ఏ కిరాణా కొట్టు ముందైనా అవి దొరుకుతాయి.

జవాబు: పరకాల సభ్యురాలు

పైకప్పు గురించి చెబుతాను. గూన పెంకులు చల్లగా ఉంటాయన్నది నిజమే. కానీ మన వైపు కోతులు పెంకులను ఉండనిస్తాయా? ఊళ్లలో ఇళ్ల మీది పెంకులనే పీకి పారేస్తుంటే, అందినంత ఎత్తులో ఉన్న గూటిని అవి వదలవు. ఒక్క పెంకు జారినా ఆ రాత్రికి పిల్లికి దారి దొరుకుతుంది. అందుకే పైన ఇనుప రేకులే వేయండి. అయితే వట్టి రేకు మే నెలలో పెనంలా కాలుతుంది కాబట్టి రేకు మీద చిక్కగా సున్నం కొట్టి, దానిపై తాటికమ్మలు పరిచి తీగతో బిగించండి. రేకుకు కింద నాలుగైదు అంగుళాల ఎడం వదిలి పాత వెదురు తడక కట్టండి. ఆ ఎడంలో గాలి ఆడటం వల్ల వేడి నేరుగా కోళ్ల మీదికి దిగదు. వానజల్లు జాలీ గుండా లోపలికి కొట్టకుండా చూరు అన్ని వైపులా కనీసం అడుగు బయటికి ఉండాలి. మీ రేకుల పొడవు అందుకు సరిపోతుంది. వడగాలి వీచే రోజుల్లో పడమటి వైపు తడిపిన గోనె సంచి వేలాడదీస్తే చాలు.

ఎవరైనా సిమెంటు రేకులు ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకండి. పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినా, విరిచినా లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం.

మీ తలుపులకు పాత రంగు ఉందా? ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల భాగాలలో 90 భాగాలకు) మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు పెచ్చులను కోళ్లు పొడిచి తింటే ఆ సీసం గుడ్లలోకి కూడా చేరుతుంది. రంగును పొడిగా రుద్దకుండా నీళ్లతో తడిపి గీకి, ఆ పెచ్చులను పెరట్లో పడనీయకుండా ఒక సంచిలోకి ఎత్తండి.

జవాబు: మామునూరు సభ్యుడు

నేను పశువైద్య రంగంలో పనిచేశాను. పై ఇద్దరూ చెప్పినవాటితో ఏకీభవిస్తూ, లోపలి అమరిక గురించి కొంత చేరుస్తున్నాను. పాత చెక్కలో అసలు ప్రమాదం దాని పగుళ్లలో ఉంటుంది. కోళ్లను పట్టే గోమార్లు పగలంతా ఆ పగుళ్లలో దాగి, రాత్రి కోళ్లు కునుకు తీసే వేళ బయటికి వచ్చి రక్తం పీలుస్తాయి. పగలు కోడిని పట్టి చూస్తే ఏమీ కనిపించదు, కోడి మాత్రం రోజురోజుకూ పాలిపోతుంది. బిగించే ముందే ప్రతి రెక్కను ఎండలో పెట్టి, పగుళ్లను, పాత బందుల బెజ్జాలను సున్నంతోనో లప్పంతోనో పూడ్చండి. ఏడాదికి రెండు సార్లు లోపలంతా సున్నం వేయండి.

కోళ్లు కూర్చునే దండేనికి ఒక్కొక్క కోడికి తొమ్మిది అంగుళాల లెక్కన మీకు దాదాపు పదడుగులు కావాలి. ఆరడుగుల కర్రలు రెండు, ఒకే ఎత్తులో, మధ్య అడుగుకు పైగా ఎడంతో వేయండి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే ప్రతి సాయంత్రం పై కర్ర కోసం కొట్లాటే. వనరాజా కోళ్లు బరువైనవి కాబట్టి దండెం రెండడుగులకు మించి ఎత్తు ఉండకూడదు. గుడ్ల అరలు దండెం కంటే తక్కువ ఎత్తులో ఉండాలి, లేకపోతే కోళ్లు అరలలోనే పడుకొని వాటిని రెట్టతో నింపుతాయి. పన్నెండు పెట్టలకు అడుగు వెడల్పు గల అరలు మూడు చాలు. అంచు పగిలిన పెద్ద కుండలను పక్కకు పడుకోబెట్టి వరిగడ్డి వేసినా పనికి వస్తాయి.

ప్యాకింగు చెక్క మీద ముద్ర చూడండి. "హెచ్‌టీ" అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, నిశ్చింతగా వాడవచ్చు. "ఎంబీ" అని ఉంటే మిథైల్ బ్రోమైడు పట్టించినది, దానిని పక్కన పెట్టండి. పత్తి మందుల డబ్బాలను ఎంత కడిగినా నీటి తొట్టిగా వాడరాదు.

హసన్‌పర్తి సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. పెంకుల ఆలోచన మానుకున్నాను. మా ఇంటి మీది పెంకులు పోయింది కూడా కోతుల వల్లనే. ఒక్క సందేహం మిగిలింది: గూటి అడుగు భాగం నేల మీదనే ఉండాలా, కడీల మీద ఎత్తులో ఉండాలా?

జవాబు: జమ్మికుంట సభ్యుడు

కడీలు ఉన్నాయి కాబట్టి ఎత్తులోనే కట్టండి. నేల మీద కడితే పందికొక్కులు తవ్వకుండా చుట్టూ అడుగు లోతున జాలీ పూడ్చవలసి వస్తుంది. కడీలను అడుగున్నర పాతి, పైకి రెండడుగులు ఉండేలా చూస్తే కింద ఊడ్చుకోవడానికి వీలుంటుంది, మధ్యాహ్నం కోళ్లకు నీడ కూడా దొరుకుతుంది. గూటి అడుగు భాగానికి చెక్కలు సందు లేకుండా కొట్టి, వాటిపై పాత ఫ్లెక్సీ పరిచి, దాని మీద మూడు అంగుళాల మందాన వరి ఊక పోయండి. ఊక తడిసినప్పుడు ఫ్లెక్సీని నాలుగు మూలలా పట్టి లాగితే అంతా ఒకేసారి బయటికి వస్తుంది, చెక్క కుళ్లదు. ప్రతి ఎన్నికల తరువాత ఊరూరా మిగిలిపోయే ఫ్లెక్సీలకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు కనిపించలేదు. ఫ్లెక్సీని అలా లాగడానికి వీలుగా మీ దగ్గర మిగిలిన తలుపు రెక్కలలో ఒకదానిని కోసి, పడమటి గోడకు పాత బందులతోనే బిగించి, బయటి నుంచి గొళ్లెం, దానికొక చీల పెట్టండి. వట్టి గొళ్లేన్ని కుక్క ముట్టెతో ఎత్తగలదు.