శ్రీకాకుళంలో అసలు కచ్ఛీ దబేలి ఎక్కడైనా దొరుకుతుందేటండీ?

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం. ఆరేళ్లు గుజరాత్‌లో కచ్ జిల్లా గాంధీధామ్‌లో పనిచేసి ఈమధ్యే ఊరొచ్చేశాను, ఇక ఇక్కడే. అన్నీ బానే ఉన్నాయి గానీ సాయంత్రం 6 అయ్యేసరికి నోరు దబేలి దబేలి అంటోంది. తెలియనివాళ్లకి చెప్తున్నా, అది బన్నులో బంగాళాదుంప ముద్ద కూరి ఇచ్చే చిరుతిండి, కచ్‌లో మాండ్వి అనే రేవు ఊళ్లో పుట్టింది, 1960ల్లో కేశవ్‌జీ గాభా చూడాసమా అనే ఆయన మొదలెట్టారని అక్కడ చెప్పుకుంటారు. గుజరాతీలో దబేలి అంటే నొక్కినది అని.

మేం ఆదివారాలు బైకులేసుకుని మాండ్వి పోయేవాళ్లం, అక్కడ బండాయన చెయ్యి చూడాలి మీరు. పావు అంటే తీపి పెద్దగా లేని మెత్తటి బన్ను, దాన్ని రెండు పక్కలా కోసి లోపల ఒకవైపు ఎర్ర వెల్లుల్లి చట్నీ ఇంకోవైపు చింతపండు ఖర్జూరం చట్నీ రాసి, తీపి పులుపు కారం మూడూ ఉన్న దుంప ముద్ద కూరి, మసాలా పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు, నాలుగు దానిమ్మ గింజలు బొటనవేలితో లోపలికి తోసి, పెనం మీద వెన్నేసి అటూ ఇటూ నొక్కి, ఆ కోసిన అంచుల్ని సన్న సేవ్‌లో అద్ది ఇచ్చేవాడు. ఇదంతా నిమిషంలో. నేనున్నప్పుడు 15 రూపాయలు.

మొన్న మన ఊళ్లోనే ఒక బండి మీద కచ్ఛీ దబేలి అని బోర్డు కనబడితే బండి సడన్ బ్రేక్ కొట్టి మరీ ఆగాను. ఏటిచ్చాడంటే, టీలో ముంచుకునే తీపి బన్నుని రెండు చెక్కలు చేసి మధ్యలో పూరీ కూర పెట్టి పైన టమాటా సాసు, మయొనీస్. కూరలో పంటికింద శనగపప్పు తగిలింది సార్. 60 రూపాయలు తీసుకున్నాడు. అడిగితే ఇక్కడోళ్లకి ఇలాగే ఇష్టం అన్నాడు, నేనూ ఇక్కడోడినే కదా మరి! డే అండ్ నైట్ జంక్షన్ నుంచి అరసవల్లి రోడ్డు దాకా ఎక్కడున్నా పర్లేదు, ఆమదాలవలస అయినా వస్తా, తెలిస్తే చెప్పండి.

గంటస్తంభం గురూ:
అన్నా మా విజయనగరం వచ్చెయ్, కోట దగ్గర వడాపావ్ బాగానే దొరుకుతోంది. అదీ ఇదీ ఒకటే కదా, రెండూ బన్నులో దుంపే.

నాగావళి గట్టు:
తమ్ముడూ ఆ మాట ఇక్కడన్నావు గానీ కచ్‌లో అనకు. వడాపావ్ బొంబాయిది, 1966లో దాదర్ స్టేషన్ బయట మొదలైందంటారు, అందులో వడ నూనెలో వేగాలి. దబేలిలో దుంపకి పిండి తొడుగూ ఉండదు, నూనెలో వేపడమూ ఉండదు. మన మిరపకాయ బజ్జీకీ మసాలా వడకీ ఉన్నంత తేడా. కోట దగ్గర వడాపావ్ తింటాలే, అది వేరే ఆకలి.

భావనపాడు కుర్రోడు:
అన్నా మా నాన్న ఏటా వెరావల్ బోట్లకి ఎల్తారు, ఆగస్టులో ఎల్తే మళ్లీ ఎండాకాలానికే రావడం. మా పేటలో సగం ఇళ్లు అంతే. వచ్చినప్పుడల్లా దబేలి మసాలా పేకెట్లు తెత్తారు, మాయమ్మ ఇంట్లోనే సేత్తాది. కాబట్టి నీకు బండితో పన్లేదు, మసాలా ఆన్‌లైన్లో కూడా వస్తాది. దుంపలు ఉడకబెట్టి మెత్తగా మెదిపి, పెనం మీద కాస్త నూనెలో మసాలాని ముందు నీళ్లలో కలిపి పొయ్యాలి, పొడిగా వేస్తే మాడిపోయి చేదొస్తాది, మాకు మొదటిసారి అలాగే పోయింది. తర్వాత తీపి చట్నీ, ఉప్పు, దుంప. పసుపు వెయ్యకు, పోపు అసలే పెట్టకు, పెట్టావంటే మళ్లీ నువ్వు తిట్టిన పూరీ కూరే.

ఒక మాట, మా నాన్న చెప్పేది వెరావల్ రుచి. వెరావల్ సౌరాష్ట్రలో కదా, మాండ్వి కచ్‌లో, మధ్యలో సముద్రపు పాయ, రోడ్డు మీదైతే బోలెడు దూరం. కాబట్టి నువ్వు తిన్నదే వస్తాదని గ్యారంటీ ఇవ్వను.

పలాస పిల్ల:
మసాలా పేకెట్ లేకపోయినా చేసుకోవచ్చు అన్నయ్యా. నేను బరోడాలో చదువుకున్నప్పుడు హాస్టల్ ఆంటీ నేర్పింది. ధనియాలు ఎక్కువ, తర్వాత జీలకర్ర, ఎండుమిర్చి, సోంపు, లవంగాలు, దాల్చిన చెక్క, మిరియాలు, కొంచెం నువ్వులు, ఎండు కొబ్బరి, అన్నీ విడివిడిగా దోరగా వేపి దంచి, చివర్లో పంచదార, ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి). లవంగం ఎక్కువైతే బిరియానీ వాసనొచ్చేస్తుంది జాగ్రత్త. ఎర్ర చట్నీకి కంగారు పడకండి, మన ఇంట్లో వెల్లుల్లి కారం ఉంటుంది కదా, అందులో జీలకర్ర తగ్గించి నీళ్లతో జారుగా చేసుకుంటే దగ్గరదగ్గర అదే. మరీ ముఖ్యంగా, ఎవరైనా మా ఊరి జీడిపప్పు వెయ్యమని సలహా ఇస్తే వినకండి. పలాసదాన్ని నేనే చెప్తున్నా, దానికి పల్లీలే, అవీ కారం పట్టించి కరకరలాడేలా వేపినవి.

బేకరీ అల్లుడు:
అందరూ మసాలా దగ్గరే తిరుగుతున్నారు, అసలు గొడవ పావుతో. మా మావయ్య బేకరీలో నాలుగేళ్లుగా కౌంటర్లో కూర్చుంటున్నా కాబట్టి చెప్తున్నా. మన వైపు బన్నుకి పంచదార దండిగా పడాలి, లేకపోతే కస్టమర్ తిరిగిచ్చేస్తాడు. పైగా ఉండల్ని ట్రేలో దూరం దూరంగా పెడతాం కాబట్టి చుట్టూ పొర గట్టిపడుతుంది. పావుకి పంచదార నామమాత్రం, ఉండలు పక్కపక్కనే ఆనించి పెట్టాలి, పొంగినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని పైన మాత్రమే ఎర్రబడి పక్కలు తెల్లగా దూదిలా ఉంటాయి, చేత్తో విడదీస్తే పీచులా లేస్తుంది. ఆ పక్కల మెత్తదనం వల్లే నొక్కితే నొక్కించుకుంటుంది, మన బన్ను నొక్కితే పగులుతుంది.

నీ ఒక్కడికీ ఆరు కావాలంటే ఏ బేకరీవాడూ చెయ్యడు, పిండి కలిపే మిషన్ అంత తక్కువకి తిరగదు. ఒక ట్రే ఆర్డరిచ్చి ముందురోజు చెప్పు, పంచదార తగ్గించి ఆనించి పెట్టమను, పేరు చెప్పకపోయినా పర్లేదు పని చెప్పు చాలు. తెల్లారి 5కి వెళ్తే వేడివేడిగా ఇస్తారు, మధ్యాహ్నం దాకా గుడ్డ కప్పి ఉంచు.

నాగావళి గట్టు:
రెండు వారాల తర్వాత అప్‌డేట్. మా వీధి బేకరీలో బతిమాలితే 24 పావుల ట్రే చేసిచ్చారు. మొదటిసారి ఆయన అలవాటు కొద్దీ పంచదార వేసేశాడు, అది దబేలి కాదు కేకు. రెండోసారి నేనే తెల్లారకుండా వెళ్లి పక్కన నిలబడ్డాను, ఆయన విసుక్కున్నాడు గానీ విడదీసినప్పుడు ఆ పీచు చూసి తనే ఒకటి నోట్లో వేసుకున్నాడు.

మసాలా పలాస చెల్లి చెప్పినట్టే దంచాను, నీళ్లలో కలిపి పొయ్యమన్న భావనపాడు తమ్ముడి మాటా విన్నాను. సేవ్ దగ్గర దెబ్బ తిన్నా, ఇంట్లో ఉన్న కారప్పూస లావుది, అంచుకి అంటదు, పళ్లెంలోకి రాలిపోతోంది. మర్నాడు వెతికి సన్నది తెచ్చా. దానిమ్మ గింజ పంటికింద చిట్లి వెల్లుల్లి కారంతో కలిసిన ఆ ఒక్క క్షణం మాత్రం మాండ్వి వెళ్లొచ్చాను బాబూ. మిగతాది, నిజం చెప్పాలంటే, ముప్పాతిక వంతు.

పిల్లలు రెండేసి లాగించారు, ఇంటావిడకి కారం ఎక్కువైంది. ఇంకా 9 పావులు మిగిలితే మర్నాడు పొద్దున్న మా నాన్న ఒకటి టీలో ముంచి తిని, "ఇదేటిరా, ఆ బేకరీ వాడు పంచదార మర్చిపోయినాడు, ఎల్లి చెప్పు" అన్నారు.