కోచ్ వెళ్ళిపోయారు, హాకీలో కార్నర్లు ఒక్కటీ పడట్లేదు, అర్జెంట్

కెప్టెన్8:
మూడు గంటల నుంచి గ్రౌండ్‌లోనే ఉన్నాం, ఓపిక అయిపోయింది. మా హెడ్ కోచ్ సార్‌కి వేరే చోట ఉద్యోగం వచ్చి పోయిన వారం వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళు ఎప్పుడొస్తారో కాలేజీలో ఎవరినడిగినా చెప్పట్లేదు. ఇంకో పది రోజుల్లో మ్యాచ్. సార్ ఉన్నప్పుడు కార్నర్ దొరికితే గోల్ వచ్చేసినట్టే అనుకునేవాళ్ళం. ఒకరు చివరి లైన్ నుంచి బంతి తోస్తారు, స్టాపర్ ఆపుతారు, ఇంకొకరు గోల్‌కి కొడతారు, అంతే కదా. ఇవాళ నలభై కొడితే రెండు పడ్డాయి. కొన్ని స్టాపర్ దగ్గరే చెడిపోతున్నాయి. కొన్ని గోల్‌లోకి వెళ్తున్నా రిఫరీగా నిలబడ్డ సీనియర్ ఇవ్వనంటున్నారు. సార్ చెప్పినట్టే చేస్తున్నాం కదా, తప్పెక్కడ?

అంపైర్ విజిల్:
హాకీలో రిఫరీ ఉండరు, అంపైర్ ఉంటారు. పెనాల్టీ కార్నర్ గురించిన నిబంధన 13.3 చదవండి.

పాత ఫుల్‌బ్యాక్:
తమ్ముడూ, కార్నర్ల సంగతి తర్వాత. కోచ్ పోతే ముందు చెదిరేది టీమ్. నువ్వొకటి చెప్తావు, వైస్ కెప్టెన్ ఇంకొకటి చెప్తారు, జూనియర్లు ఎవరి మాట వినాలో తెలియక ఊరుకుంటారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశం అమ్మాయిల హాకీ జట్టు నాలుగో స్థానంలో నిలిచాక కోచ్ మరైన్ వెళ్ళిపోయారు. ఆయన దగ్గర పనిచేసిన షోప్‌మన్‌కే జట్టు అప్పగించారు. ఆవిడ 2008 ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్‌కి బంగారం గెలిచిన ప్లేయర్, పైగా ఈ జట్టులో ఎవరు ఎలాంటివారో అప్పటికే తెలుసు. మరుసటి ఏడాది కామన్వెల్త్ గేమ్స్‌లో కాంస్యం వచ్చింది. కొత్త కోచ్ వచ్చేదాకా, మీ సార్ పద్ధతి తెలిసిన మనిషి ఒకరు బెంచ్ దగ్గర ఉండాలి. అసిస్టెంట్ ఎవరైనా ఉన్నారా?

కెప్టెన్8:
అసిస్టెంట్ లేరు. నేను అమ్మాయిని అన్నా, మాది గర్ల్స్ టీమ్.

పాత ఫుల్‌బ్యాక్:
సారీ చెల్లీ.

లెఫ్ట్ ఇన్:
షార్ట్ కార్నర్‌లో ఫ్లిక్ కొట్టేది ఎవరు? స్టాపర్ ఎవరు? ఆడేది టర్ఫ్ మీదా, మట్టి గ్రౌండా? ఇవేవీ చెప్పకుండా తప్పెక్కడ అంటే ఎలా చెప్పగలం?

కెప్టెన్8:
ఫ్లిక్ కొట్టే అక్క ఫైనల్ ఇయర్ అయిపోయి వెళ్ళిపోయింది, రాయలేదా? ఇప్పుడు నేనే కొడుతున్నా. టర్ఫ్ సార్ తన పేరు మీద మాట్లాడి ఇప్పించేవారు. ఆయన వెళ్ళాక మట్టి గ్రౌండ్‌లోనే ప్రాక్టీస్. మ్యాచ్ మాత్రం టర్ఫ్ మీదే.

లెఫ్ట్ ఇన్:
ఇవన్నీ మొదటి పోస్ట్‌లోనే రాయాల్సింది చెల్లీ. స్టాపర్ తప్పు సగమే. టర్ఫ్ మీద బంతి నేలను అంటుకుని వస్తుంది, మట్టి మీద ఎగురుతుంది. నువ్వు కొట్టేది నిజంగా డ్రాగ్ ఫ్లిక్కేనా? బంతిని స్టిక్‌కి ఆనించి లాక్కొచ్చి వదులుతున్నావా, లేక దూరం నుంచి స్టిక్ నేల మీద ఊడ్చుకొచ్చి కొడుతున్నావా?

కెప్టెన్8:
ఊడ్చుకొచ్చి కొడుతున్నా. ఫ్లిక్ అంటే అదే అనుకున్నా.

అంపైర్ విజిల్:
అది స్లాప్. నిబంధనల ప్రకారం స్లాప్ కూడా హిట్టే. మొదటి షాట్ హిట్ అయితే బంతి గోల్ లైన్ దాటేటప్పుడు 460 మి.మీ. కంటే ఎత్తులో ఉండకూడదు. అంటే గోల్ లోపల అడుగున ఉండే చెక్క, బ్యాక్‌బోర్డ్ ఎత్తు. ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు, ప్రమాదకరంగా లేకపోతే చాలు. మీ సీనియర్ ఇవ్వకపోవడం కరెక్టే.

కెప్టెన్8:
అయ్యో. సార్ నన్నెప్పుడూ హిట్‌కే నిలబెట్టేవారు, ఫ్లిక్ అక్కకే. కారణం ఇప్పుడు అర్థమైంది.

పాత ఫుల్‌బ్యాక్:
మా రోజుల్లో బంతి పూర్తిగా ఆగితే తప్ప కొట్టనిచ్చేవారు కాదు. అందుకే మాకు స్టాపర్ చేయి అంత గట్టిగా ఉండేది. ఇప్పుడు గోల్ ముందు గీసిన సర్కిల్ దాటి బయటికి వస్తే చాలు, పిల్లలు ఆపడం సరిగ్గా నేర్చుకోవట్లేదు. ఇంకో మాట, అది షార్ట్ కార్నర్. పెనాల్టీ కార్నర్ అని మేమెప్పుడూ అనలేదు.

అంపైర్ విజిల్:
రూల్ బుక్‌లో ఉన్నది పెనాల్టీ కార్నర్. షార్ట్ కార్నర్ వాడుక మాట.

పాత ఫుల్‌బ్యాక్:
గ్రౌండ్‌లో అందరూ అనే మాటని తప్పనడం సరి కాదు.

అంపైర్ విజిల్:
తప్పనలేదు.

మిడ్‌ఫీల్డ్ 14:
ఇంత సులువు దారి ఉండగా ఎందుకు టెన్షన్? ఫ్లిక్ వచ్చిన అమ్మాయిని బెంచ్ మీద ఉంచి, కార్నర్ రాగానే దింపేయండి.

అంపైర్ విజిల్:
కుదరదు. కార్నర్ ఇచ్చాక అది పూర్తయ్యేవరకు సబ్‌స్టిట్యూషన్ లేదు, డిఫెన్స్ గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలినా, సస్పెండ్ అయినా తప్ప. మామూలు సబ్‌స్టిట్యూషన్లు సరిగ్గా జరిగేలా చూసే బాధ్యత కూడా కెప్టెన్‌దే.

లెఫ్ట్ ఇన్:
చెల్లీ, పది రోజుల్లో డ్రాగ్ ఫ్లిక్ రాదు. బలవంతంగా నేర్చుకుంటే నడుం పట్టేస్తుంది. స్లాప్‌నే వాడుకో, కింద నుంచి, బ్యాక్‌బోర్డ్‌కి తగిలేలా. రేపు మొదట షాటే కొట్టొద్దు. తోసే అమ్మాయి, స్టాపర్, ఇద్దరితోనే ఇరవై సార్లు. తోయడం పోస్ట్‌కి పది మీటర్ల అవతల నుంచి, ఒక పాదమైనా లైన్ బయట ఉండాలి. ఆగిన చోటు ప్రతిసారీ ఒకటే కావాలి, నువ్వు ఆ చోటుకే పరుగెత్తడం అలవాటు చేసుకోవాలి. అది కుదిరాక రెండో రకం: నువ్వు కొట్టినట్టు చేసి, తోసిన అమ్మాయి లోపలికి రాగానే ఆమె స్టిక్ మీదకి ఇవ్వు, ఆమె పోస్ట్ వైపు మళ్ళిస్తుంది. డిఫ్లెక్షన్‌కి ఎత్తు హద్దు లేదు. ఈ రెండు చాలు. సైగలు ఎవరు చేసేవారు?

కెప్టెన్8:
సారే, బెంచ్ దగ్గర నుంచి చేత్తో. ఏ సైగకి ఏది అన్నది మాకు సగమే గుర్తుంది.

లెఫ్ట్ ఇన్:
అవన్నీ వదిలేయండి. రెండు మాటలు పెట్టుకోండి, తోసే అమ్మాయి కాకుండా నువ్వే చెప్పు.

పాత ఫుల్‌బ్యాక్:
చెల్లీ, సార్‌కి ఒక ఫోన్ చెయ్యి. సిగ్గుపడకు. వెళ్ళిపోయినా తన పిల్లలు అడిగితే రెండు మాటలు చెప్పకుండా ఉండరు.

కెప్టెన్8:
చేశాను అన్నా. మాట్లాడుతుంటే ఏడుపొచ్చింది, కార్నర్ల గురించి అడగలేకపోయా.

(రెండు రోజుల తర్వాత)

కెప్టెన్8:
ఇవాళ ఇరవైలో ఏడు పడ్డాయి, అన్నీ కింద నుంచే. టర్ఫ్ ఒక్క గంట దొరికింది. థ్యాంక్స్ అందరికీ, ప్రాక్టీస్‌కి వెళ్తున్నా.

మిడ్‌ఫీల్డ్ 14:
మా కాలేజీలోనూ కోచ్ లేరు. కార్నర్‌లో డిఫెన్స్ ఎలా నిలబెట్టాలో ఎవరైనా చెప్తారా? గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురమే కదా.