సైకిల్‌కి కూడా రైల్లో చోటు రిజర్వ్ చేసుకోవచ్చా? (నాంపల్లి నుంచి వైజాగ్)

బోడుప్పల్ టీచరమ్మ:

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్ట్. తప్పు చోట పెట్టి ఉంటే సరైన చోటికి మార్చేయండి.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మోకాలి నొప్పి వచ్చాక డాక్టరు సైకిల్ తొక్కమంటే, రెండేళ్ల క్రితం ఒక సెకండ్ హ్యాండ్ గేర్ సైకిల్ కొన్నాను. ఆకుపచ్చ రంగు, 700సి చక్రాలు, ముందు ఒక బుట్ట. ఆ బుట్టను చూసి మా తొమ్మిదో తరగతి పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు. కానీ రెండు సెక్షన్ల ఆన్సర్ షీట్లు అందులోనే పడతాయి మరి. మేముండే వైపు తొక్కడానికి సరైన రోడ్డు లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023లో మొదలుపెట్టింది, అది ఊరికి ఆ చివర. అక్కడికి చేరేసరికే ఎండ నడినెత్తికి వస్తుంది.

మా అక్క వైజాగ్‌లో మధురవాడలో ఉంటుంది. దసరా సెలవులకు వెళ్తున్నాను. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా తొక్కాలని ఎప్పటి నుంచో కోరిక. అద్దె సైకిల్ తీసుకోమంటారు మావారు. పరాయి సైకిల్ మీద నా మోకాలు ఒప్పుకోదు. సీటు ఒక్క అంగుళం తేడా వచ్చినా రెండు రోజులు మెట్లెక్కలేను.

ఇంతలో జర్మనీలో చదువుకుంటున్న మా అక్క కొడుకు ఒక ఫోటో పంపాడు. రైలు టికెట్ మీద వాడి సీటు నంబరు, దాని కిందే వాడి సైకిల్‌కి బోగీ నంబరు, చోటు నంబరు! "పిన్నీ, నువ్వూ ఇలాగే బుక్ చేసుకో" అన్నాడు. నేను ఐఆర్‌సీటీసీలో ఒక సాయంత్రమంతా వెతికాను. బెర్తు కింద కావాలా పైన కావాలా అని అడిగింది, భోజనం కావాలా అని అడిగింది, సైకిల్ మాట మాత్రం ఎక్కడా లేదు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్ ఉంది, నాంపల్లిలో ఎక్కుతాను. సైకిల్ నాతో పాటు, అదే బండిలో రావాలి. దారి ఉందా? ఇంతకుముందు తీసుకెళ్లినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

పాత పార్శిల్ బాబు:

అమ్మా, మీ ఆయన చెప్పింది వినకండి. మీ అక్కగారబ్బాయి చెప్పింది కూడా వినకండి.

నేను రైల్వేలో రిటైరయ్యాను, సర్వీసులో తొమ్మిదేళ్లు పార్శిల్ కౌంటర్లోనే గడిచాయి. మన రైళ్లలో సైకిల్‌కి నంబరు వేసిన చోటంటూ లేదు. ఉన్నదల్లా బ్రేక్ వ్యాన్. గార్డు ఉండే పెట్టెలోనే సామాను గది. దాన్ని మేము ఎస్ఎల్ఆర్ అంటాం. (గార్డు అనకూడదట, 2022 జనవరి నుంచి ట్రైన్ మేనేజర్ అనాలి. నా నోటికి గార్డు అనే వస్తుంది, ఏం చెయ్యను.)

కౌంటర్లో మీరు ఏ మాట అంటారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. "సైకిల్ పార్శిల్ చేయాలి" అన్నారా, గుమాస్తా పార్శిల్‌గానే రాస్తాడు. పార్శిల్‌కి ప్రయాణికుడితో పని లేదు, ఏ బండిలో చోటుంటే ఆ బండిలో పోతుంది. "నాకు ఈ బండిలో టికెట్ ఉంది, సైకిల్ లగేజీగా బుక్ చేయండి" అనాలి. లగేజీ అంటే మీ టికెట్‌తో ముడిపడిన సామాను, మీ బండిలోనే ఎక్కాలి. టికెట్ జిరాక్సు, ఆధార్ జిరాక్సు దగ్గర పెట్టుకోండి. సైకిల్ బిల్లు ఉంటే అదీ పట్టుకెళ్లండి, కొన్నిచోట్ల అడుగుతారు. సెకండ్ హ్యాండ్ అంటున్నారు కాబట్టి అమ్మినవాళ్ల దగ్గర ఒక కాగితం రాయించుకున్నా మంచిదే.

స్లీపర్‌లో 40 కిలోలు ఫ్రీ కదా అని చాలామంది కౌంటర్లో వాదనకు దిగుతారు. ఆ ఉచితం సైకిళ్లకూ స్కూటర్లకూ వర్తించదు. బరువు, దూరం చూసి డబ్బు కట్టించుకుంటారు.

బండి బయల్దేరడానికి అరగంట ముందు సామాను అప్పగించాలని రూలు. మీరు మాత్రం రెండు గంటల ముందు వెళ్లండి. ప్యాకింగు, తూకం, రసీదు, ప్లాట్‌ఫాం మీదికి తోపుడు బండి, ఇవన్నీ అరగంటలో అయ్యే పనులు కావు.

గోదావరి ఎంచుకోవడం మాత్రం బాగుంది. నాంపల్లిలోనే బయల్దేరుతుంది, వైజాగ్‌లోనే ఆగిపోతుంది. ఎక్కించేవాడికీ తొందర ఉండదు, దించేవాడికీ ఉండదు. మధ్యలో రెండు నిమిషాలు ఆగే స్టేషన్లో సైకిల్ దించడమంటే దేవుడి మీద భారం వేయడమే. వందే భారత్ వైపు మాత్రం చూడకండి, దానికి సామాను పెట్టె అసలే లేదు.

ఇంకో సంగతి. ఈ సామాను గదులు చాలావరకు కాంట్రాక్టర్లకు లీజుకు ఇచ్చి ఉంటాయి. అందుకే తలుపు తీస్తే ఖాళీగా కనిపించినా "చోటు లేదు" అంటారు. కాబట్టి ముందు రోజే ఒకసారి వెళ్లి, రేపు ఈ బండికి లగేజీ తీసుకుంటారా అని కనుక్కోండి.

ఎల్బీనగర్ గేరుగాడు:

అక్కా, బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నాకు ఆ రెండు మాటల తేడా తెలీకే మునిగాను.

పోయినేడాది ఒక ఊరి నుంచి సైకిల్ వేసుకుని రావాలి. స్టేషన్ పేరు చెప్పను. కౌంటర్లో "పార్శిల్" అన్నాను, రాసిచ్చారు, సంతకం పెట్టాను, దర్జాగా నా బెర్తు మీద పడుకున్నాను. పొద్దున దిగి వెనక పెట్టె దగ్గరికి పరిగెత్తితే, దాంట్లో అన్నీ ఉన్నాయి, నా సైకిల్ తప్ప. నాలుగు రోజులకు వచ్చింది. డిరైలర్‌ని (వెనక గేర్లు మార్చే భాగం) ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ లోపలికి వంగిపోయింది, గేరు వేస్తే చైను పోయి చువ్వల్లో పడుతోంది. పైన ఎవరిదో వాషింగ్ మెషీన్ పెట్టినట్టున్నారు.

అందుకని ప్యాకింగ్ మీరు దగ్గరుండి చేయించండి. అక్కడ గోనె చుట్టేవాళ్లు ఉంటారు, చేతివాటం బాగుంటుంది కానీ వాళ్లకు సైకిలైనా ఫ్యానైనా ఒకటే. మొదట వెనక గేరుని అన్నిటికన్నా పెద్ద పల్లచక్రం మీదికి ఎక్కించండి, అప్పుడు డిరైలర్ ఫ్రేము వైపుకి ఒదిగి ఉంటుంది. దాని మీద ఓ అట్టముక్క మడిచి టేపు వేయండి, ఆ తర్వాతే గోనె. బుట్ట విప్పేసి చేత్తో పట్టుకెళ్లండి. లైటు, బెల్లు, బాటిల్ స్టాండు కూడా. ఊడిపోయేవి ఏవైనా ఊడిపోయాయనే అనుకోండి.

పెడల్స్ విప్పండి. విప్పకపోతే పక్క సామానులో గుచ్చుకుంటాయి, లాగినప్పుడు మీ ఫ్రేమే గీరుకుపోతుంది. 15 నంబరు స్పానర్ కావాలి. ఎడమ పెడల్ మర రివర్సు, మామూలుగా తిప్పితే విప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగిస్తాం. ఇది తెలీక నేను స్పానర్ మీద ఎక్కి నిలబడ్డాను కూడా.

గాలి తీయమని ఎవరైనా చెబితే వినొద్దు. గాలి ఉంటేనే రిమ్ముకు దెబ్బ తగలదు, ప్లాట్‌ఫాం మీద నెట్టుకుపోవచ్చు కూడా.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఉప్పలోడు:

మీ అక్క కొడుకు పంపిన ఫోటో నిజమే మేడమ్. కాకపోతే వాడు సగం కథే చెప్పాడు.

ఇక్కడ ఐసీఈ, ఐసీ లాంటి దూరపు రైళ్లలో సైకిల్ తీసుకెళ్లాలంటే దానికి వేరే టికెట్ కొనాలి, చోటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. రిజర్వేషన్ లేకుండా ఎక్కనివ్వరు. ఐసీఈ-4 రకం రైలు మొత్తానికీ సైకిల్ చోట్లు ఎనిమిది. ఎండాకాలం శనివారాల్లో అవి మన సంక్రాంతి తత్కాల్ లాగా ఎగిరిపోతాయి. పాత రకం ఐసీఈలు కొన్నింటిలో సైకిల్ చోటే లేదు. ఈమధ్య యూరోపియన్ యూనియన్ రూలు పెట్టింది కాబట్టి కొత్తగా కొనే రైళ్లలో కనీసం నాలుగు సైకిళ్లకు చోటు ఉండాలి. దగ్గరి ఊళ్లకు తిరిగే రీజనల్ రైళ్ల సంగతి వేరు, సైకిల్ బొమ్మ ఉన్న తలుపు దగ్గర ఎక్కి, మడత సీట్లు పైకి లేపి నిలబెట్టుకోవడమే. చోటు లేకపోతే తర్వాతి బండి.

చోటు నంబరు చేతిలో ఉన్నా సుఖం ఏమంత ఉండదు. ఒకసారి నా నంబరు దగ్గరికి వెళ్తే అక్కడ ఎవరిదో లావు ఎలక్ట్రిక్ సైకిల్, తాళం వేసి ఉంది. బోగీ అంతా "ఇదెవరిదండీ" అని అడుక్కుంటూ తిరిగాను. ఓనరు ఎక్కడో దూరంగా కాఫీ తాగుతున్నాడు. చివరికి వచ్చి సారీ చెప్పి తీశాడు. అప్పటిదాకా నా సైకిల్ పట్టుకుని టాయిలెట్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. వచ్చే పోయే ప్రతివాడికీ జరుగుతూ, ఉప్పల్లో సిటీ బస్సు ఫుట్‌బోర్డు గుర్తొచ్చింది.

మనకన్నా ఒక్కటి మాత్రం మేలు. సైకిల్‌ని ఎవరి చేతిలోనూ పెట్టక్కర్లేదు. మనమే ఎక్కిస్తాం, మనమే దించుతాం.

బోడుప్పల్ టీచరమ్మ:

అందరికీ చాలా థాంక్స్. బాబాయ్ గారూ, ఇంకొక్క సందేహం. చక్రాలు రెండూ విప్పి, ఫ్రేము ఒక సంచిలో చుట్టి, బెర్తు కింద పెట్టుకుంటే ఎవరైనా ఏమైనా అంటారా? అలా అయితే టెన్షన్ ఉండదు కదా.

పాత పార్శిల్ బాబు:

లెక్కల టీచరు కాబట్టి లెక్కే చెబుతాను. పెట్టెలోకి తీసుకెళ్లే సామాను 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు. మీ 700సి చక్రం టైరుతో కలిపి 68 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. చక్రం ఒక్కదానితోనే పరీక్ష తప్పారు. ఫ్రేము సంగతి అడగనే అక్కర్లేదు. పట్టుకుంటే మామూలు చార్జీకి ఆరు రెట్లు దాకా వసూలు చేయొచ్చు. అలా తీసుకెళ్లినవాళ్లు లేరా అంటే ఉన్నారు. కానీ కింది బెర్తులో ఏ పెద్దాయనో కాళ్లు చాపుకునే చోటు లేక రాత్రంతా తిట్టుకుంటూ కూర్చుంటాడు. మడత సైకిలైతే వేరే మాట.

బ్రేక్ వ్యాన్‌లోనే వేయండి. అట్టముక్క మీద మీ పేరు, ఫోను, నాంపల్లి నుంచి విశాఖపట్నం అని, పీఎన్ఆర్ నంబరు, పెద్ద అక్షరాలతో రాసి రెండు చోట్ల కుట్టించండి. ఒకటి చిరిగినా ఇంకోటి ఉంటుంది. సైకిల్ వ్యాన్ ఎక్కేదాకా అక్కడి నుంచి కదలకండి. అది ఎక్కాకే మీరు ఎక్కండి.

బోడుప్పల్ టీచరమ్మ:

వైజాగ్ నుంచి రాస్తున్నాను. సైకిల్ వచ్చింది!

ముందు రోజు స్కూలు నుంచి అటే వెళ్లి కనుక్కున్నాను. తీసుకుంటాం, తొందరగా రండి అన్నారు. బండి సాయంత్రం 5 ప్రాంతంలో కదా, నేను రెండున్నరకల్లా ట్రాలీ ఆటోలో సైకిల్‌తో దిగాను. కౌంటర్ దగ్గర వరసలో నిలబడి "లగేజీ, లగేజీ" అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. తీరా నా వంతు వచ్చేసరికి నోట్లోంచి "పార్శిల్" అనే వచ్చింది! వెంటనే "కాదు కాదు, లగేజీ, ఇదిగో నా టికెట్" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి నన్నోసారి, సైకిల్‌నోసారి చూసి, మాట్లాడకుండా రాసిచ్చారు.

గోనె చుట్టిన అతను పెద్దవాడు, దబ్బనంతో కుట్టాడు. అట్టముక్క ముందు పెట్టమంటే "ఎందుకమ్మా" అన్నాడు. డిరైలర్ చూపించి వంగితే ఏమవుతుందో చెప్పాను. అప్పుడు ఇంకో అట్ట తనే తెచ్చి రెండో వైపు కూడా పెట్టాడు. 250 తీసుకున్నాడు, నేను బేరం ఆడలేదు. పేరు రాసిన అట్ట కుడుతుంటే, ఆకుపచ్చ ఎక్కడా కనిపించకుండా పోతోందని ఒక మూల కొంచెం వదిలేయమన్నాను. వైజాగ్‌లో గుర్తుపట్టడానికని చెప్పాను గానీ, నిజానికి అందుకు కాదు.

బాబాయ్ గారు చెప్పినట్టే వ్యాన్ దగ్గరే నిలబడ్డాను. రెండు స్కూటర్లు ఎక్కాయి, పుస్తకాల కట్టలు ఎక్కాయి, ఆ తర్వాత నాది. పుస్తకాల కట్టలకు ఆనించి నిలబెట్టమని అడిగితే నిలబెట్టారు. ఆ తర్వాత నా బోగీకి చేరేసరికి ఆయాసం వచ్చింది, బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్న ఆవిడ బుట్టలో ఏముందని తొంగి చూసింది. బెల్లు, లైటు, పేపర్లో చుట్టిన రెండు పెడల్స్.

తెల్లవారుజామున దిగి వెనక్కి నడిచాను. ఆకుపచ్చ మూల దూరం నుంచే కనిపించింది. రసీదు చూపించి తీసుకున్నాను. హ్యాంగర్ నిటారుగానే ఉంది, గేర్లన్నీ పడుతున్నాయి. ఎల్బీనగర్ తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్.

మా బావగారు వచ్చారు తీసుకెళ్లడానికి. నేను ఠీవిగా "మీరు బండి మీద పదండి, నేను తొక్కుకుంటూ వచ్చేస్తాను" అన్నాను. గోనె కోసి, బుట్ట తగిలించి, పెడల్స్ బయటికి తీశాను.

15 నంబరు స్పానర్ బోడుప్పల్లో మా షూ రాక్ మీద ఉంది.

పొద్దున్నే ఏ షాపు తీస్తారు? బావగారు ఆటో మాట్లాడారు. మధురవాడ దాకా సైకిల్ ఆటోలో, నేను దాన్ని పట్టుకుని. భీమిలి రేపు.

ఎల్బీనగర్ గేరుగాడు:

అక్కా, పెడల్స్ విప్పిన స్పానర్ వెంటనే బుట్టలో పడేయమని చెప్పడం మరిచిపోయాను. తప్పు నాదే. మధురవాడలో ఏ పంక్చర్ షాపులోనైనా దొరుకుతుంది, కుడి పెడల్ ముందు బిగించండి.