ఎలక్ట్రాన్ యాప్‌లో మొదటి బిల్లు మీద తెలుగుకు బదులు డబ్బాలు

కిరాణా కొట్టు కోసం ఎలక్ట్రాన్ 30తో (వెబ్ పేజీల టెక్నాలజీతో డెస్క్‌టాప్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) బిల్లింగ్ యాప్ రాశాను. విండోస్ 10లో ప్రింట్ బాగానే వస్తోంది. ఉబుంటు లినక్స్‌లో మాత్రం, యాప్ తెరిచాక వచ్చే మొదటి బిల్లులో "కందిపప్పు" ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. అంకెలు సరిగ్గానే ఉంటాయి. అదే బిల్లు మళ్లీ కొడితే తెలుగు చక్కగా వస్తుంది!

స్క్రీన్ అంతా ఇంగ్లీషే, తెలుగు బిల్లు మీదే. అందుకే నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను ప్యాకేజీలోనే పెట్టి, సీఎస్ఎస్‌లో (పేజీ రూపం రాసే చోట) ప్రింట్ మీడియా కింద, అంటే ప్రింట్‌కు మాత్రమే వర్తించేలా వాడాను. ప్రింట్ విండో కనిపించదు, సైలెంట్ ప్రింట్ (ఏమీ అడగకుండా నేరుగా ప్రింటర్‌కి వెళ్లిపోతుంది).

పేజీ లోడయ్యాక 2 సెకన్లు ఆగి చూశాను. పేజీలో ఫాంట్‌లు లోడయ్యాయని చెప్పే డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ (document.fonts.ready) ప్రామిస్ కోసం కూడా ఆగాను, అది వెంటనే రెడీ అనేస్తోంది. కొట్లో ఉన్న మెషీన్‌లో ఫాంట్ ఇన్‌స్టాల్ చేస్తే పోతుందేమో గానీ, ప్రతి కొట్టుకీ వెళ్లి చేయలేను కదా.

ప్రింట్ పంపేముందే ఆ ఫాంట్ కచ్చితంగా లోడయ్యేలా చేయడం ఎలా?