వాన పడితే పెరడంతా నీళ్లే. మొత్తం సిమెంటు పోయించేయాలా?

అడిగినవారు, విజయనగరం:

నమస్కారమండీ. మాది ఊరి చివర రెండేళ్ల కిందట కట్టుకున్న ఇల్లు. వెనక 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఖాళీ ఉంది. ఎర్రమట్టి నేల. గట్టి వాన ఒకటి పడితే మూడు రోజులు నీళ్లు కదలవు. ఇంటి గోడ వారన పెట్టిన మందారం, రెండు గులాబీలు వేళ్లు కుళ్లి పోయాయి. కరివేపాకు బతికే ఉంది కానీ ఆకులు పచ్చబడి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. అన్నిటికన్నా పెద్ద బాధ మా అత్తగారిది. ఆవిడకు 68 ఏళ్లు. తులసికోట దగ్గరికి వెళ్తూ పోయిన నెల జారిపడ్డారు, మోచెయ్యి వాచిపోయింది. మా ఆయన మొత్తం సిమెంటు పోయించేద్దాం అంటున్నారు. నాకేమో మొక్కలంటే ప్రాణం. దసరా అయ్యాక మంగళవారం సిరిమానోత్సవం, ఇంటి నిండా చుట్టాలుంటారు. ఇంకా రెండున్నర నెలలుంది. మా చేతులతో మేం చేసుకోగలిగే మార్గం ఉంటే చెప్పండి.

జవాబు, రాజాం:

అమ్మా, ముప్పై ఏళ్లుగా ఇళ్ల పనులు చేయిస్తున్నాను. సిమెంటు మాత్రం పోయించకండి. నీళ్లు ఎటు పోవాలో తేల్చకుండా పైన ఏం పోసినా అవి ఇంటి గోడ మొదట్లోకే చేరతాయి. తడిస్తే సిమెంటు మీద పాచి పడుతుంది, పెద్దావిడకు అది మట్టికన్నా ప్రమాదం.

ముందు వాలు చూడండి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, అంటే సన్నటి ప్లాస్టిక్ పైపు, ఓ 40 అడుగులు తెచ్చుకోండి. లోపల గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి ఒక కొస ఇంటి గోడ దగ్గర, ఇంకో కొస ప్రహరీ దగ్గర పట్టుకోండి. రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ఆ మట్టం నుంచి నేల దాకా టేపు పెట్టి కొలవండి. ఇంటి దగ్గర 36 అంగుళాలు, ప్రహరీ దగ్గర 41 వస్తే వాలు బయటికి ఉన్నట్టు. మీ 20 అడుగులకు ఐదు అంగుళాల పల్లం చాలు.

తర్వాత నీళ్లు నిలిచే చోట అడుగున్నర లోతు గొయ్యి తీసి నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి ఎన్ని గంటలకు ఇంకాయో చూడండి. ఈ రెండూ చేసి చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

అడిగినవారు:

అన్నగారూ, ఆదివారం మా అబ్బాయీ నేనూ కొలిచాం. ఇంటి గోడ దగ్గర 38, ప్రహరీ దగ్గర 36! వాలంతా ఇంటివైపే ఉంది. గొయ్యి తీస్తుంటే ఏడు అంగుళాల లోతులో గునపం ఠంగుమంది. మట్టి తీసి చూస్తే బూడిద రంగు పెచ్చు, రెండు అంగుళాల మందం. పక్కన తవ్వినా అదే. ఇల్లు కట్టినప్పుడు అక్కడే సిమెంటు మాలు కలిపారు.

జవాబు, రాజాం:

దొరికింది కదమ్మా దొంగ. నేల తప్పు కాదు, మట్టి కింద సిమెంటు పళ్లెం ఉంది. పళ్లెంలో నీళ్లు ఎటు పోతాయి? కరివేపాకు పచ్చబడటానికి కూడా అదే కారణం అయ్యుంటుంది. సిమెంటులో సున్నం ఉంటుంది, సున్నం ఎక్కువైన మట్టిలో మొక్క ఇనుము తీసుకోలేదు.

పెచ్చు ఎంతమేర ఉందో గునపంతో పొడిచి చూసి సుద్దతో గీత గీసుకోండి. సమ్మెటతో పగలగొట్టి మొత్తం ఎత్తేయండి. అబ్బాయి కళ్లకు అద్దాలు పెట్టుకోమనండి, పెచ్చులు ఎగిరితే కంటికే తగులుతాయి. మట్టి కొనకండి. ప్రహరీ వైపు మూడున్నర అంగుళాలు తీసి అదే మట్టి ఇంటివైపు వేస్తే ఐదు అంగుళాల వాలు వస్తుంది. ఒకేసారి పోయకుండా కొంచెం కొంచెం పోసి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టండి. ఇంటి లోపలి నేలకన్నా బయటి మట్టి కనీసం అర అడుగు కిందే ఉండాలి, లేకపోతే గోడలకు చెమ్మ ఎక్కుతుంది. ప్రహరీకి రెండడుగులు ఎడంగా చిన్న కాలువ తీసి వీధి కాలువ వైపు మళ్లించండి. పక్కింటి గోడ మీదకు వదిలితే తగువు ఖాయం.

ఇంకుడు గుంత తవ్వుకోవాలంటే తవ్వుకోండి, ఇంటి పునాదికి పదడుగుల దూరంలో. కానీ దాని మీదే ఆధారపడకండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే నాలుగున్నర వేల లీటర్ల పైనే నీరు దిగుతుంది. నాలుగడుగుల చదరం, ఐదడుగుల లోతు గుంతలో రాళ్లు నింపితే సందుల్లో పట్టేది 900 లీటర్లు. మిగతాది పోవడానికి పైన పొర్లు గొట్టం పెట్టి కాలువకు కలపాలి.

జవాబు, సోంపేట:

తల్లీ, మొక్కల సంగతి నేను చెబుతాను. మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా కొబ్బరీ జీడీ ఎలా కూల్చిందో కళ్లారా చూశాను. పొద్దున లేచేసరికి ముప్పై ఏళ్ల జీడిచెట్టు వేళ్లు పైకి తేలి పడుంది. అందుకే చెబుతున్నాను, ఇంటికి దగ్గరగా ఎత్తుగా పెరిగేవేవీ పెట్టొద్దు. మునగ, బొప్పాయి పెట్టుకో, కానీ కొమ్మ విరిగితే రేకుల మీదో కరెంటు తీగ మీదో పడనంత దూరంలో. మునగను ఏటా నరికి నీ ఎత్తులోనే ఉంచు.

పల్లంలో, కాలువ పక్కన, మెట్టతామర, చేమ, అరటి వేయి. తడి వాటికి ఇష్టం. అంట్లు తోమే నీళ్లు కూడా అటే మళ్లించు. మిట్ట వైపు నందివర్ధనం, మల్లె, కనకాంబరం, దబ్బ. ఇంటి నిండా చుట్టాలుంటారన్నావు, వాళ్లతో చిన్నపిల్లలూ వస్తారు కాబట్టి గన్నేరు వద్దు, అది నిలువెల్లా విషమే. పెచ్చు తీసిన చోట బాగా మాగిన గెత్తం, అంటే పశువుల ఎరువు, కలిపి ఓ నెల వదిలేయ్. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి, చెదలు వస్తాయి. లాన్ గడ్డి జోలికి పోకు. వేసవిలో తాగే నీళ్లకే కటకట, గడ్డికి ఎక్కడినుంచి తెస్తావు?

అడిగినవారు:

అమ్మా, అన్నగారూ, పెచ్చు తీయడానికే మూడు ఆదివారాలు పట్టింది. వాలు సరిచేశాం. ఇప్పుడు అత్తగారి కోసం తులసికోట దాకా బాట వేయాలి. టెక్కలి వైపు గ్రానైట్ పనిచేసే మా చుట్టం ముక్కలు తెచ్చిస్తానన్నాడు. నునుపుగా మెరుస్తాయి కదా, ఎలా పరవాలి?

జవాబు, రాజాం:

మెరుపు వైపు కిందకి, గరుకు వైపు పైకి. ఇది మరిచిపోకండి. ఐదారు అంగుళాలు తవ్వి, మూడు అంగుళాలు చిన్న కంకర వేసి దిమ్మిస కొట్టి, దాని మీద అంగుళంన్నర క్రషర్ డస్ట్, అంటే కంకర కొట్టేచోట మిగిలే రాతిపొడి, పరిచి బండ పెట్టండి. విడివిడి అడుగుబండలు వద్దమ్మా, వయసైనవాళ్లకు అడుగు తప్పుతుంది. మూడడుగుల వెడల్పున వరసగా పరవండి. సందుల్లో సిమెంటు పెట్టకుండా ఇసుక ఊడ్చి నీళ్లు చల్లండి. రేపు ఒక బండ కుంగితే ఎత్తి, కింద గుప్పెడు డస్ట్ వేసి మళ్లీ కూర్చోబెట్టుకోవచ్చు. ఒకవైపు ఇనుప గొట్టంతో చేతికి ఆసరా కూడా పెట్టించండి.

అడిగినవారు:

బాట పూర్తయింది. నిన్న రాత్రి రెండు గంటలు వాన. పొద్దున ఆరింటికి కిటికీలోంచి చూస్తే కాలువ పారుతోంది, పెరట్లో నీళ్లు లేవు. నేను చెప్పేలోపే అత్తగారు చెంబు పట్టుకుని తులసికోట దాకా వెళ్లి వచ్చేశారు. మూడో బండ కొంచెం ఊగుతోందట, సాయంత్రం ఎత్తి డస్ట్ వేస్తాను. ప్రహరీ మూలలో మాత్రం చేటంత మేర తడి నిలిచింది. అక్కడ చేమదుంపలు పెట్టేస్తాను.